అక్షాంశరేఖయు పొలిమేర కట్టును

కార్తికమాసపు కడపటి సోమవారమునాడు ప్రాతఃకాలమున మబ్బును గాక ఎండయు గాక ఏదో మాసిన వెలుగు ఆకాశమెల్ల నిండి యుండగా, గాలి యన్నది లోకమున నెన్నడును పుట్టనే లేదన్నట్లు తాటియాకుల చివరలు సైతము కదలక స్తంభించి యుండగా, అహోరాత్రములు ఘోషించు తూర్పుసముద్రము కాచి చల్లార్చిన నూనెవలె మందమై మౌనమై తీరమును నాకుచు వెనుదీయుచుండగా, ఎఱ్ఱని ఎండ్రకాయలు వేలకొలదిగా తమ బొరియలను విడిచి గుంపులు గుంపులుగా ఇసుకతిన్నెల మీదికి ఎగబ్రాకుచుండెను. ఎండ్రకాయలకు రేడియో లేదు. ఐనను వానికి ముందుగనే తెలిసినది. మనుష్యులకు రేడియో యుండియు తెలియుటకు ఒకదినము పట్టినది. ఆ యొక్కదినపు ఆలస్యమే ఈ కథ.

ఆ తిన్నెలు గల ఊరి పేరు గవ్వలదిబ్బ. కృష్ణానది సాగరమును చేరుటకు ముందు తుదిసారిగా చీలినచోట ఆ చీలిక నడుమ యుగయుగములుగా పోగుపడిన ఇసుకదీవి యది. తూర్పునను దక్షిణమునను సముద్రము. ఉత్తరమునను పడమటను లోతైన ఉప్పునీటి పాయ. దీవి వెలుపలికి పోవలెనన్నచో పడమటి రేవున పడవ యెక్కి పాయ దాటుట తప్ప వేఱు మార్గము లేదు. దీవి మొత్తము మీద మిక్కిలి యెత్తైన స్థలము కూడ మనుష్యుడు నిలుచుండి చేయి చాచిన యెత్తునకు మించదు. అచట నివసించు జాలరుల యిండ్లన్నియు తాటాకుపాకలే. పెంకుటిల్లన్నది పాఠశాల యొక్కటే కాగా దాని పెంకులలోను సగము ఉప్పుగాలికి ఊడిపోయి యుండెను.

ఆ పాఠశాలకు బందరు నుండి బదిలీయై వచ్చిన ఉపాధ్యాయిని పేరు పరంజ్యోతి. ఈ యిసుకలోనికి నన్నేల త్రోసితిరని పైయధికారులను తిట్టుకొనుచునే వచ్చినను, వచ్చిన పిమ్మట ఆమె పిల్లలను విడువలేకపోయెను. అన్ని పాఠములును ఏదో విధముగా చెప్పగలిగినది గాని అక్షాంశ రేఖాంశముల పాఠమునొద్ద మాత్రము ఆమె పప్పులుడుకలేదు. పటమునందలి గీతలను చూపి ఇవి భూమి మీదను సముద్రము మీదను గూడ కలవని చెప్పగా పిల్లలు పకపక నవ్విరి. "సముద్రం మీద గీతలెవరు గీశారండీ పంతులమ్మగారూ? కెరటానికి చెరిగిపోవా?" అని యొక గడుగ్గాయి యడిగెను. ఆమెకు నవ్వును కోపమును ఒక్కసారే వచ్చినవి.

అప్పుడామె ఒక యుపాయము పన్నెను. వాయుగుండము పుట్టినపుడెల్ల రేడియోవారు అది యే అక్షాంశమున ఏ రేఖాంశమున నున్నదో చెప్పుదురు గదా. ఆ చెప్పిన చోటు గుర్తించి దానివెంట పోయినచో పిల్లలకు కనబడని గీతలు తామే కనబడునని యోచించి, పాఠశాల వసారాలో నున్నని సున్నపునేల మీద ముగ్గుపిండితో బంగాళాఖాతమును చిత్రించి, డిగ్రీ కొక చుక్క చొప్పున వరుసలు తీర్చి చుక్కలు పెట్టి, క్రింది వరుస పదవ అక్షాంశమనియు ఎడమ వరుస డెబ్బదియెనిమిదవ రేఖాంశమనియు చెప్పి, పదునాఱవ అక్షాంశమును ఎనుబదియొకటవ రేఖాంశమును కలిసిన చుక్క మీద తన చేతులార ఒక పెద్ద శంఖమునుంచి "ఇదే మన ఊరు" అనెను. పిల్లలు చప్పట్లు చరచిరి. పటము మీద లేని తమ యూరు ముగ్గులో నున్నందుకు వారికి కలిగిన గర్వము ఇంతింత కాదు.

వారందఱిలోను నాంచారి చుఱుకైనది. ఏడవతరగతి చదువుచుండెను. పుట్టగనే తల్లిని, పిదప కొలదికాలమునకే తండ్రిని సముద్రమున పోగొట్టుకొన్న ఆ బాలికను తాతయైన పోతురాజు తన రొమ్ము మీద పరుండబెట్టుకొని పెంచెను. కొక్కిలిగడ్డ పోతురాజనగా ఆ యూరి కులపెద్ద. ఆయన మాటకు ఎదురు లేదు. ఆయనకు మాత్రము మనుమరాలి మాటకు ఎదురు లేదు. "మా నాంచారి సదివిందంటే సదివిందే" అని ఊరెల్ల చాటుకొనుచుండెడివాడు.

సోమవారమునాడు ఉదయము రేడియో వాయుగుండపు వార్త చెప్పెను. ఆ యంత్రము బ్యాటరీతో నడచునది. గరగర శబ్దములోనుండి మాటలను ఏఱుకొనుటకు పరంజ్యోతి గదిలో కూర్చుండి దానికి చెవి నొగ్గియుండవలసి వచ్చెను. ఆమె లోపలినుండి సంఖ్యలను కేకవేసి చెప్పగా నాంచారి వసారాలో చుక్కలు లెక్కించి గవ్వ పెట్టెను. పదునొకండవ అక్షాంశము, ఎనుబదియాఱవ రేఖాంశము. సాయంకాలము పండ్రెండును ఎనుబదియైదును. రెండు గవ్వలైనవి. వానిని కలుపుచు ముగ్గుపిండితో వంకరలేని గీతను పొడిగించగా అది ఊరి శంఖమునకు చాల దిగువగా, దక్షిణమున ఒంగోలు క్రిందుగా పోయి ఒడ్డున తాకెను. పరంజ్యోతి గుమ్మమునుండి తొంగిచూచి ఆ చక్కని గీతకు మురిసిపోయెను.

చదువరీ, ఇచటనే కొంప మునిగినది. ముగ్గువేయు ఆడపిల్లకు మొదటి చుక్కయే ఒకటి. అయిదు చుక్కల ముగ్గన్నచో మొదటి చుక్కతో కలిపి అయిదు. నాంచారి తల్లిలేని పిల్లయైనను ఇరుగుపొరుగమ్మల వెంట ముగ్గులు నేర్చినది. కనుక పది మీద ఒకటి జరుపుమన్నపుడు పదవ వరుసలోని చుక్కనే ఒకటిగా నెంచి అచటనే ఆగిపోయెను. ఎడమనుండియు అట్లే లెక్కించెను. ఆ విధముగా ప్రతిగవ్వయు దక్షిణమునకు ఒక వరుసయు పడమరకు ఒక వరుసయు జరిగినది. గవ్వలన్నియు సమానముగా తప్పినందున గీత వంకర పోలేదు. తప్పు తప్పువలె కనబడియున్నచో ఎవ్వరైన పట్టియుందురు. అది నిజమువలె తిన్నగా నుండెను.

ఆనాటి సాయంకాలమే పోతురాజు మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యడిగెను. మఱునాడు మంగళవారము, గంగానమ్మ జాతరకు పొలిమేర కట్టవలసిన దినము. సముద్రము చూడగా ఆ వృద్ధునకు మనసు మనసులో లేదు.

"ఏమే నాంచారీ, గుండమేదో పుట్టిందంట గదా. రేపు పొలిమేర కట్టమంటావా, వచ్చే వారానికి నెట్టమంటావా?"

"కట్టేసుకో తాతా. అది ఒంగోలు కిందకి పోద్ది. మన దిక్కు రాదు. గీత గీసి మరీ సూశాను."

"నీ నోట్లో పంచదార పొయ్యా!" అని ఆయన ఆమె నెత్తి నిమిరెను.

పొలిమేర కట్టనగా నేమో ఎఱుగనివారి కొఱకు చెప్పుచున్నాను. జాతరకు ముందు మంగళవారము వేకువను నెత్తురన్నము చల్లుచు పొలి పొలి యని కేకలు వేయుచు దీవి చుట్టును తిరిగి, వేపమండలు నాటి, పడమటి రేవున రెండు గుంజలకు పసుపుత్రాడు కట్టుదురు. గురువారమునాడు బలి జరుగువఱకు ఊరివాడెవ్వడును ఆ త్రాడు దాటరాదు. పడవలను ఒడ్డునకు లాగి తెడ్లను అమ్మవారి గుడిలో పెట్టుదురు. ఊరివారిలో నొక్కరు దాటినను కట్టు తెగును. కట్టు తెగిన ఊరిలో ఆ రాత్రి పొయ్యి రాజేయరాదు, దీపము పెట్టరాదు, చంటిబిడ్డ మొదలు ముదుసలి వఱకు ఎవ్వరును నిదురింపరాదు. అందఱును పాయ దాటి పోయి మఱునాడు తిరిగివచ్చి క్రొత్తగా కట్టుకొనవలెను. దాటినవారు మాత్రము తిరిగి రారాదు. వారికి బ్రదికినంతకాలము వెలి. పోతురాజునకు తాతయైనవాని హయాములో ఒకడట్లు దాటి బందరు వీథులలో దిక్కులేక చచ్చెనని ఆ యూరి తల్లులు నేటికిని బిడ్డలకు చెప్పుచుందురు.

మంగళవారము వేకువను పొలి చల్లిరి. త్రాడు కట్టిరి. తెడ్లు గుడి చేరినవి. ఊరు తలుపువేసిన గదియైనది.

ఆ మధ్యాహ్నము రేడియో మరల పలికెను. పదునాలుగు, ఎనుబదిమూడు. పెనుతుఫానుగా మాఱి వడి హెచ్చి ఆ రాత్రి కృష్ణానదీముఖమున తీరము దాటునని గరగరల నడుమ స్పష్టముగా వినబడెను. పరంజ్యోతి వసారాలోనికి పరుగెత్తుకొనివచ్చి చూచెను గదా, మూడవ గవ్వయు అదే గీత మీద ఒంగోలు వైపునకే పోవుచు బుద్ధిగా కూర్చుండియుండెను.

"నాంచారీ, ఎట్లా లెక్కపెట్టావో నాకు చూపించు."

నాంచారి మోకాళ్ల మీద కూర్చుండి పదవ వరుసలోని చుక్క మీద వ్రేలు పెట్టి "ఒకటి" అనెను.

ఆ యొక్క మాటతో ఉపాధ్యాయినికి తప్పెక్కడనో తెలిసినది. ఆమె గవ్వలను ఒక్కొక్కటిగా తీసి ఒక వరుస పైకిని ఒక వరుస కుడికిని జరిపెను. నాంచారియు, వెనుక మూగిన బడిపిల్లలును చూచుచుండిరి. నాంచారి ముగ్గుపిండి తీసికొని తానే గీతను పొడిగించెను. గీత పోయి పోయి సూటిగా ఊరి శంఖమును తాకెను. "అయ్యో, నేను సెప్పబట్టేగా తాత కట్టాడు!" అని ఆ పసిది నెత్తి కొట్టుకొనెను.

ఇద్దఱును గుడియొద్దకు పరుగెత్తిరి. అప్పటికి గాలి లేచినది. చినుకులు సూదులవలె మొగమునకు గ్రుచ్చుకొనుచుండెను. గుడి యెదుట పందిరిలో ఊరి పెద్దలందఱును కూడియుండిరి. పోతురాజు ఒడిలో వేపమండతో కూర్చుండియుండెను.

"తాతా! తప్పు లెక్కెట్టాను. అది ఒంగోలు పోదు. మన మీదకే వత్తంది. ఈ రాత్రికే!"

"నిన్న రాదన్నావు. ఇయ్యాల వత్తదంటన్నావు. రేపేమంటావే?" అని పోతురాజు నవ్వబోయెను గాని నవ్వు రాలేదు.

పరంజ్యోతి చేతులు జోడించి "తప్పు పిల్లది కాదు పెద్దయ్యా, నాది. చుక్కలు పెట్టి నేర్పినదాన్ని, ఎట్లా లెక్కపెడుతోందో చూసుకోలేదు. మీకు పుణ్యముంటుంది, పడవలు దింపించండి. ఇంకా పొద్దుంది" అనెను.

"అమ్మా పంతులమ్మా, మీ ముగ్గు తప్పితే సెరిపి మళ్లీ ఏసుకుంటారు. అమ్మవారి కట్టు అట్టాంటిది కాదు. నేనే కట్టి నేనే తెంపితే రేపీ ఊరికి కట్టేదెవరు?"

"అయితే నేను దాటుతాను. నన్ను వెలివేసుకోండి."

"మీరు పరాయోళ్లు. మీరు దాటితే తెగదు. ఊరి బిడ్డ దాటితేనే తెగుద్ది" అని చెప్పి ఆయన మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను.  చంటిబిడ్డలను రొమ్మునకు హత్తుకొనియున్న తల్లుల కన్నులలో పోవుదమన్న యాశ స్పష్టముగా కనబడుచుండెను గాని ఆ మాట పైకనుటకు ఒక్క తల్లికైనను నోరు రాలేదు. ఎదుట సముద్రము, వెనుక పాయ, నడుమ పసుపుత్రాడు. పరిచిన వలలో తామే పోయి కూర్చున్న చేపలను ఆ జాలరులు నిత్యము చూచుచునే యుందురు. ఆనాడు తమ స్థితి అదియే యని వారికి తోచెనో లేదో నేనెఱుగను. గాలి క్రమక్రమముగా హెచ్చెను. ఒక పాక కప్పు లేచిపోయి తిన్నెల మీద దొర్లుచు పోగా అందఱును చూచిరి, ఎవ్వరును కదలలేదు. మిట్టనుండు మంచినీటి గుంటలోనికి ఉప్పునీరు తెల్లగా ప్రాకెను. అప్పుడును కదలలేదు.

నాంచారి తాత మొగమువైపు చూచెను. తాను చెప్పినందువలన ఈ త్రాడు పడినది. తాత తెంపలేడు. పంతులమ్మ తెంపినచో తెగదు. ఊరి బిడ్డ తెంపవలెను. దాటినవారి గతి యేమో ఆమెకు తెలియనిది కాదు. ఉగ్గుపాలతో విన్న కథయే గదా. ఆమె పందిరి వదలి రేవువైపు నడచెను. మొదట నెవ్వరును గమనించలేదు. పిదప ఒక స్త్రీ కెవ్వున నఱచెను.

"నాంచారీ! ఆగవే!" పోతురాజు తడబడుచు లేచెను. వర్షధారలలో ముసలికాళ్లు ఇసుకలో దిగబడుచుండగా పరుగెత్తెను. "ఆగవే తల్లీ! నీ కాళ్లు మొక్కుతానే! నాకింకెవరున్నారే!"

ఆమె వెనుదిరిగి చూచెను. ఏడ్చుచుండెను. ఏడ్చుచునే పరికిణీ కొంచెమెత్తి పట్టి పసుపుత్రాటి మీదుగా ఒక కాలును పిమ్మట రెండవకాలును వేసి మోకాలిలోతు నీటిలో నిలుచుండి గొంతు చించుకొని యఱచెను.

"దాటేశాను తాతా! కట్టు తెగింది! ఇంకెవరూ పొయ్యి రాజెయ్యకూడదు! అందరూ లెగండి! లెగండే!"

 ఊరెల్ల ఒక్కపెట్టున ఘొల్లుమనెను. శాపనార్థములు వర్షముకన్న దట్టముగా కురిసినవి. ముండ యనిరి, ఊరు ముంచెననిరి, పుట్టినపుడే తల్లిని మ్రింగిన జాతకమనిరి. అట్లు తిట్టుచునే గుడిలోని తెడ్లు తెచ్చిరి, తిట్టుచునే పడవలను నీటిలోనికి త్రోసిరి, తిట్టుచునే ముదుసళ్లను భుజముల మీద మోసికొనిపోయి పడవలలో కూర్చుండబెట్టిరి. కట్టు తెగిన ఊరిలో నుండరాదన్న భయము తుఫాను భయముకన్న పెద్దది గావున ఒక్కరును వెనుకకు నిలువలేదు. నాంచారిని ఏ పడవలోను ఎక్కనీయలేదు. కడపట పరంజ్యోతి కూర్చున్న పడవవాడు కనులు మూసికొని "ఎక్కు, నేను సూళ్లేదు" అనెను.

పాయ కావల మిట్టయూరిలో నొక వడ్లమిల్లు కలదు. దాని రాతిగోడల నడుమ ఊరెల్ల తలదాచుకొనెను. చీకటిపడినపిమ్మట వచ్చినదానిని వర్ణించుటకు నాకు మాటలు లేవు. రాతిగోడలు వణకినవని మాత్రము చెప్పగలను. తలుపులకు వీపులొడ్డి పురుషులు నిలుచుండిరి. బిడ్డలు ఏడ్చి యేడ్చి అలసి నిదురించిరి. ఆ యిఱుకులో కాలు చాపుటకు తావు లేదు. ఐనను నాంచారి చుట్టును ఇద్దఱు పండుకొనదగినంత నేల ఖాళీగా నుండెను. అందులో ఆమెయు పంతులమ్మయు మాత్రమే యుండిరి.

తెల్లవాఱినది. గాలి తగ్గినది. యువకులు కొందఱు పాయయొడ్డునకు పోయి చూచివచ్చి గుమ్మములోనే కూలబడిరి. "దిబ్బ లేదు" అని యొకడనెను. ఏమనుచున్నావని యడుగగా "దిబ్బే లేదు. ఇసకా లేదు, గుడీ లేదు, బడీ లేదు. సముద్రం ఇయ్యాల పాయదాకా ఉంది" అనెను. తల్లులు బిడ్డలను తడిమి తడిమి చూచుకొనిరి. ఒక్క ప్రాణమును పోలేదు.

ఇఁక నాంచారి కాళ్లు కన్నులకద్దుకొందురని తలచుచున్నారా? తలపకుడు. మూలనున్న యొక ముసలామె మొదట లేచెను. "పిల్ల గవ్వలు పేర్చి పిలిచింది. ఏ గవ్వ మీదకి రమ్మంటే ఆ గవ్వ మీదకొచ్చింది. ఒంగోలు పొయ్యేదాన్ని సేత్తో జరిపి మన మీదకి తోలింది. మా మనవరాలు కళ్లారా సూసింది" అనెను. ఔనౌనని నలుదెసల నుండియు గొంతులు లేచినవి. అప్పటివఱకు ఏడ్చుటకైనను శక్తి లేనివారికి కోపించుటకు శక్తి వచ్చెను.

పరంజ్యోతి ఇఁక సైరింపలేకపోయెను. "మీకసలు మనసుందా? ఆ పిల్ల దాటకపోతే మీలో ఒక్కళ్లు మిగిలేవాళ్లా? మీ ఒళ్లో ఆ బిడ్డలుండేవాళ్లా?"

"బతికాం గదమ్మా" అనెను ముసలామె నెమ్మదిగా. "బతికాం కాబట్టే అడగతన్నాం. మా ఊరేదీ?"

అందఱును పోతురాజు వంక చూచిరి. ఆయన రాత్రియంతయు గోడవైపు తిరిగి కూర్చుండియుండెను. లేచెను. కులపెద్ద తలపాగా సముద్రము పాలైనందున తడితువ్వాలును నెత్తికి చుట్టుకొనెను. మనుమరాలి యెదుట నిలుచుండెను గాని ఆమె కన్నులలోనికి చూడలేకపోయెను. గడ్డము మీదుగా నీరు కాఱుచుండెను; అది వాననీరు కాదని అందఱకును తెలియును. ఊరును సముద్రము తీసికొనిపోయినది. ఆయనకు మిగిలినవి రెండు: కట్టుబాటొకటి, మనుమరాలొకతె. రెంటిలో నొకటే నిలుచునని ఆయన యెఱుగును. కట్టుబాటును కూడ పోగొట్టుకొన్నచో తాము జనమే గాని ఊరు కాకపోవుదుమని ఆ వృద్ధుడు రాత్రియెల్ల తలపోసియుండెను గాబోలు.

"కొక్కిలిగడ్డ నాంచారి పొలిమేర కట్టు తెంపింది" అని ఆయన పలికెను. "పెద్దలు పెట్టిన కట్టుబాటు ప్రకారం దానికి వెలి. ఈ పొద్దు మొదలు అది గవ్వలదిబ్బలో కాలు పెట్టకూడదు."

నాంచారి తల యెత్తెను. ఆ కన్నులలో కోపము లేదు, వెక్కిరింత లేదు. పాఠము సరిగా వినబడని విద్యార్థిని గురువును మరల నడుగునట్లు మెల్లగా నడిగెను.

"ఏ దిబ్బలో తాతా?"